కౌంటరు మీది పడవ

ఆ రోజు పొద్దున షాపు షట్టరుకి ఎడమవైపు తాళం తీసి ఉంది. కుడివైపుది వేసే ఉంది.

నేను పనిచేసే స్కూలుకి బండి మీద వెళ్తూ చూశాను. అత్తయ్య రోజూ ఎడమ తాళం తీసి, దాన్ని గొళ్ళేనికే వేలాడదీసి, వెంటనే కుడిది తీసి, షట్టరుకి మోకాలితో ఒక పోటు పొడిచి పైకి లేపేది. ఒకటి తీసి ఒకటి వేసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పక్కన టీ బండి దగ్గరికి వెళ్ళి ఉంటుంది అనుకున్నాను. స్కూలు గేటు లోపల బండికి స్టాండు వేస్తుంటే నాన్న ఫోన్ చేశాడు.

"అత్తయ్య లేదమ్మా" అన్నాడు.

"టీ బండి దగ్గర ఉంటుంది నాన్నా, చూడు" అన్నాను.

ఫోన్లో వెనకనుంచి ఎవరో స్ట్రెచర్ పక్కకి జరపమంటున్నారు. అప్పుడు అర్థమైంది.

మొదటి తాళం తీశాక మెట్టు మీద కూర్చుందట. తాళంచెవి వెతుక్కుంటోంది అనుకున్నాడట టీ బండాయన. టీ గ్లాసు తీసుకుని వెళ్ళేసరికి షట్టరుకి ఆనుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. నేను అటు వెళ్ళకముందే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గుండె అన్నాడు డాక్టరు, దారిలోనే అయిపోయిందన్నాడు. అత్తయ్యకి ఏ జబ్బూ లేదు. జ్వరం వస్తే బిళ్ళ వేసుకోమని నేను పోట్లాడాల్సి వచ్చేది.

ఇది రాస్తున్న ఈ పూటకి కూడా నేను ఆ రెండో తాళం దగ్గరే ఉన్నాను. అందుకని వరసగా రాయలేకపోతే మన్నించండి.

అత్తయ్య అంటే మా నాన్న చెల్లెలు. నూజివీడు బజార్లో తాతయ్య పెట్టిన హార్డ్‌వేర్ షాపుని ఆయన తర్వాత ఆవిడే నడిపింది. నాన్నది మామిడికాయల వ్యాపారం. మేకులంటే ఆయనకి విసుగు. అత్తయ్య షాపు మీద గదిలోనే ఒక్కతే ఉండేది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "సైజు దొరకలేదండీ" అని వాళ్ళకి కావలసిన స్క్రూలు కాగితంలో పొట్లం కట్టేది. అడిగినవాళ్ళు నవ్వేసేవాళ్ళు. రెండోసారి అడిగేవాళ్ళు కాదు.

మీలో ఎవరైనా ఆ షాపుకి వచ్చి ఉంటే, ఆవిడకన్నా ముందు మీకు కౌంటరు మీది పడవే గుర్తొస్తుందేమో. మేకులు తూచే త్రాసు పక్కన ఉండేది, మూరన్నర పొడవు, కింద ఎరుపు, పైన నలుపు. రేవుల్లో పెద్ద ఓడల్ని తోసుకుంటూ తిరిగే పొట్టి పడవలుంటాయి, టగ్గులంటారు. అది అలాంటిది. రిమోటుతో నడవాల్సినది.

అది నా ఫోన్లోంచి వచ్చింది. ఒక చలికాలం మధ్యాహ్నం బేరాల్లేక ఇద్దరం కూర్చున్నప్పుడు ఒక వీడియో చూపించాను. ఎక్కడో చలిదేశంలో ఒక పెద్దాయన రిమోటు పడవ చేస్తున్నాడు. దానికి కావలసిన చిన్న చిన్న సామాన్లన్నీ, కిటికీ చట్రాలూ, కటకటాలూ, తాళ్ళు కట్టే గుంజలూ, పోస్టులో పొట్లాలుగా తెప్పించుకున్నాడు. ఒక్కో పొట్లం ఎంత ఖరీదో చెప్పి తల పట్టుకుంటున్నాడు. అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఆగు. వెనక్కి తిప్పు. అది మన కాటర్ పిన్నేనే."

కాటర్ పిన్ను మీకు తెలిసే ఉంటుంది. తల దగ్గర చిన్న కన్ను ఉంటుంది, రెండు కాళ్ళు ఉంటాయి, దూర్చి కాళ్ళు విడదీసి మడుస్తారు. ఆయన కటకటాలకి నిలబెడుతున్నది అచ్చం అదే, కాకపోతే ఆయనది మెరుస్తోంది. వీడియో అయ్యేలోపు అత్తయ్య స్టూలెక్కి డబ్బాలు దింపడం మొదలుపెట్టింది. టార్పాలిన్ అంచుల్లో తాడు దూర్చడానికి కొట్టే ఇత్తడి ఐలెట్లు గుండ్రటి కిటికీలయ్యాయి. వరసగా నిలబెట్టిన కాటర్ పిన్నుల కళ్ళలోంచి బైండింగ్ వైరు దూరిస్తే కటకటాలు వచ్చాయి. సొరుగులకి బిగించే బుల్లి గుబ్బలు తాళ్ళు కట్టే గుంజలకి సరిపోయాయి. కుళాయి వాషర్లని దారంతో పక్కల వేలాడదీస్తే నిజం టగ్గులకి ఉండే టైర్లలాగే ఉన్నాయి. కర్టెన్ రింగుకి తెలుపూ ఎరుపూ రంగు వేసింది, నీళ్ళలో పడ్డవాళ్ళకి విసిరే చక్రం అది.

"పాపం ఆయనకి నూజివీడు తెలీదు" అంది వీడియో పెద్దాయన గురించి.

పడవ ఒళ్ళు పాత మామిడి పెట్టెల చెక్క. అందరూ ప్లాస్టిక్ ట్రేలకి మారాక నాన్న గోడౌన్లో మిగిలిపోయినవి. మోటారూ రిమోటూ మా అటక మీది నా చిన్నప్పటి కారు బొమ్మలోవి. కారు ముందు చక్రాలు తిప్పే మరతోనే పడవ చుక్కాని తిరిగేట్టు చేసింది. ఇరుసు సైకిలు స్పోకు. అది నీళ్ళలోకి వెళ్ళే గొట్టం పాత రేడియో ఏంటెన్నా ముక్క, నీళ్ళు లోపలికి రాకుండా దాని నిండా గ్రీజు కూరింది. బ్యాటరీ మార్చడానికి పైన ఒక మూత పెట్టి, ఆ మూతకి రెండు బుల్లి ఇత్తడి మడతబందులు బిగించింది. అవి తాతయ్య కాలం సరుకు, చిటికెన వేలి గోరంత ఉంటాయి, ఇప్పుడు ఎవరూ చెయ్యడం లేదు.

"డబ్బా మీద ఒక పేరు రాసుందని వస్తువుకి ఒకే పని అనుకోకు" అనేది. చాలాసార్లు అంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా ఊఁ కొట్టేదాన్ని.

పడవ కౌంటరు మీదకి ఎక్కాక ఒక కొత్త పద్ధతి వచ్చింది. షాపుకొచ్చే వాళ్ళలో చాలామందికి కావలసిన వస్తువు పేరు తెలియదు. వేలితో గాల్లో బొమ్మ గీస్తారు, ఇలా ఉంటదండీ, ఇక్కడో బొక్క ఉంటదండీ అంటారు. ఇప్పుడు గాల్లో గీయడం మానేసి పడవని చూపించసాగారు. పడవ ముక్కు మీది గుబ్బ. పడవ పక్కన ఉన్న నల్ల చక్రం. రెడ్డిగూడెం నుంచి ఒకావిడ ఫోన్ చేసి పడవ కిటికీలు ఒక డజను కట్టి బస్సులో పంపమంది. అత్తయ్య పంపింది కూడా. పేర్లు తెలియవని ఎవరూ సిగ్గుపడకుండా సరుకు కొనుక్కుపోయేవాళ్ళు.

చిక్కు ఎక్కడంటే, డబ్బాలో సరుకు అయిపోతే ఆవిడ పడవదే విప్పి ఇచ్చేసేది. కొత్త సరుకు వచ్చాక మళ్ళీ బిగించేది. ఈలోపు ఇంకోటి పోయేది. ఒక వేసవి అంతా ఒకవైపు కిటికీలే లేవు, ఈదురుగాలులకి టార్పాలిన్లు చిరిగి ఐలెట్లు అంత అమ్ముడయ్యాయి.

ఆగిరిపల్లి వైపు తోటలు కౌలుకి చేసే ఒకాయన ఉన్నాడు. మామిడి కాపు రోజుల్లో రోజు విడిచి రోజు షాపుకొస్తాడు. ఒకసారి మోపెడ్ తోసుకుంటూ వచ్చాడు. బ్రేకు రాడ్డుకి ఉండే కాటర్ పిన్ను ఊడి దార్లో ఎక్కడో పడిపోయింది. ఆ సైజు డబ్బా ఖాళీ. అత్తయ్య పటకారు తీసుకుని పడవ కటకటాల్లోంచి ఒకటి పీకింది. రంగు వేసి రెండు రోజులు కాలేదు. నేను వెనకనుంచి "అత్తా" అన్నాను.

"మన పడవ ఎక్కడికీ వెళ్ళట్లేదుగా. ఆయన బండి ఆగాలి" అంది.

ఆయన బండి దగ్గర కూర్చుని పిన్ను మడుస్తూ, పడవ పూర్తయితే మా తోటలో కుంట ఉంది, అందులో వదులుకుందువుగాని చెల్లెమ్మా అన్నాడు. ముందు మీరు పిన్నులు పారేసుకోవడం మానండి అంది అత్తయ్య.

ఇవన్నీ జరుగుతున్నప్పుడు నేను మేకుల బస్తాల వెనక స్టూలు మీద పుస్తకం పట్టుకుని ఉండేదాన్ని. చదివిన కాన్వెంటులోనే ఇప్పుడు లైబ్రరీ చూస్తున్నాను, అక్కడైనా ఇక్కడైనా కొత్తవాళ్ళతో మాట్లాడటం నాకు రాదు. మా బంధువులంతా దాన్ని ఒక జబ్బులాగా చూస్తారు. అత్తయ్య ఒక్కసారి కూడా ఆయనకి చిల్లర ఇవ్వు, ఈవిడతో మాట్లాడు అని నన్ను ముందుకి తొయ్యలేదు. బేరం అయ్యాక వెనక్కి తిరిగి, చదువుతున్న కథ ఎంతవరకు వచ్చిందో అడిగేది. ఎవరన్నా పోయారా అని తప్పకుండా అడిగేది. ఒకసారి ఒక నవలలో నాకు ఇష్టమైన మనిషి ఉన్నట్టుండి చనిపోయాడు. చెప్తే అత్తయ్యకి కోపం వచ్చింది.

"ముందు ఏమీ చెప్పలేదా రాసినాయన?"

"లేదత్తా."

"అట్లా ఎట్లా ఊరుకున్నావే? వెనక్కెళ్ళి చూడు. ఎక్కడో చెప్పే ఉంటాడు, నువ్వు గబగబా చదివేసుంటావు."

ఇప్పుడు అత్తయ్య పోయే ముందురోజు సాయంత్రాన్ని నేను అలాగే చూస్తున్నాను. వెనక్కి వెళ్ళి, నెమ్మదిగా, ఒక్కో మాటా.

గురువారం అది. మామిడి అయిపోయింది, వానలు పడ్డాయి, బజారు పల్చబడింది. వారం ముందే అత్తయ్య పడవ మీద టార్పాలిన్ ముక్క కప్పేసింది. ఎవరూ చూపించకుండా, తను విప్పి ఇవ్వకుండా. ఆదివారం కుంటలో వదులుతున్నాం, ఈలోపు బ్రహ్మదేవుడొచ్చి అడిగినా గుబ్బ ఇవ్వను అంది. సాయంత్రం షాపు వెనక పెరట్లో బట్టలు నానబెట్టే పెద్ద టబ్బులో నీళ్ళు పోసి పడవని దింపాం. రిమోటు నా చేతికిచ్చింది. ముందుకి నొక్కాను. పడవ ఒక జానెడు వెళ్ళి ఆగిపోయింది. లోపల మోటారు తిరుగుతూనే ఉంది. వెనక్కి నొక్కాను. చక్కగా వెనక్కి వెళ్ళి టబ్బు అంచుకి కొట్టుకుంది.

అత్తయ్య చెయ్యి పెట్టి తడిమి చూసింది. కింద నీటిని తోసే రెక్క స్పోకు మర మీద ఒకే నట్టుతో బిగించి ఉంది. ముందుకి తిరిగితే మర విప్పుకుంటోంది, వెనక్కి తిరిగితే బిగుసుకుంటోంది. ఇన్ని వేల నట్లు అమ్మిన మనిషి ఆ ఒక్క సంగతి చూసుకోలేదు. నేలమీద చతికిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"వెనక్కి నడిచే పడవ చేశానే. దీన్నెవరికి అమ్మను?"

దానికి వెనక ఇంకో నట్టు బిగించి, రెండింటినీ ఒకదానికొకటి అదిమితే కదలదని చెప్పింది. రేపు చేద్దాం, పొద్దున్నే రా అంది. తనే టబ్బు వంచి నీళ్ళు పారబోసింది. తనే పడవ తుడిచి కౌంటరు మీద పెట్టి టార్పాలిన్ కప్పింది. నేను బండి తీస్తుంటే గుమ్మంలోకి వచ్చి, వాన పడేట్టుంది, నేరుగా ఇంటికెళ్ళు అంది.

ఇంతే. ఎన్నిసార్లు చూసినా ఇంతకన్నా ఏమీ లేదు. చెయ్యి నొప్పి అనలేదు, ఆయాసపడలేదు, ఏదో గుర్తొచ్చినట్టు నన్ను వెనక్కి పిలవలేదు. పొద్దున్నే రమ్మంది. నాకు స్కూలుకి టైమయి, సాయంత్రం వెళ్దాంలే అనుకుని, తాళాలు చూసుకుంటూ ముందు నుంచే వెళ్ళిపోయాను.

ఇంట్లో జనం వచ్చారు, వెళ్ళారు. చాలామంది నాకు తెలియని వాళ్ళు. ఒకరు అత్తయ్య వెతికిచ్చిన తలుపు గడియ గురించి చెప్పారు, ఒకరు పంపు వాల్వు గురించి. నాన్న అందరికీ దణ్ణం పెడుతూ కూర్చున్నాడు, ఏడవలేదు. కర్మలు అయ్యాక ఒక పొద్దున షాపు తెరిచాడు. నేను కూడా వెళ్ళాను. సరుకేం చెయ్యాలో, షాపేం చెయ్యాలో ఇంకా తేలలేదు. నాన్న అవేవీ చూడలేదు. పడవ మీది టార్పాలిన్ తీసి, దాని ముందు నిలబడ్డాడు.

దీనికి అద్దాల పెట్టె చేయించి ఇంట్లో ఫొటో పక్కన పెడదాం అన్నాడు. నేను ఆదివారం సంగతి ఎత్తాను. నాన్న వినిపించుకోలేదు.

"ఇంతవరకూ కుంటలోకి దిగింది కాదు. మునిగిపోతే? దాని చేత్తో చేసింది ఇదొక్కటే ఉందమ్మా మనకి."

నాన్న భయం నిజమే. అది టబ్బులో తేలింది, అంతే. కుంట లోతు, గాలి, ఎన్నిసార్లో విప్పి బిగించిన కన్నాలు. ఏ కన్నంలోంచి నీళ్ళు వస్తాయో ఎవరికి తెలుసు? మునిగి బురదలోకి పోతే ఆవిడ చేతి గుర్తు ఏదీ మిగలదు. కానీ పెట్టెలో పెడితే అది ఇంక ఎన్నటికీ వెళ్ళదు, ఆవిడ ఎందుకు చేసిందో ఆ పని ఒక్కసారి కూడా చెయ్యదు. రెండింట్లో ఏది పోతే తట్టుకోగలనో నాకు తెలియలేదు. అందుకని ఊరుకున్నాను.

మర్నాడు వడ్రంగి వచ్చాడు. మా షాపులోనే సామాను కొంటాడు, అత్తయ్య అంటే గౌరవం. పడవ పొడవూ ఎత్తూ టేపుతో కొలిచాడు. అద్దం ఎంత మందం ఉండాలో, కింద పలక ఏ చెక్కయితే బాగుంటుందో నాన్నతో మాట్లాడాడు. పెట్టెకి ముందువైపు బుల్లి తలుపు పెడదాం, అప్పుడప్పుడూ దుమ్ము తుడుచుకోవచ్చు అన్నాడు. అంత చిన్న తలుపుకి మామూలు బందులు బాగుండవండీ, ఇదుగో ఇలాంటివి కావాలి అని వేలు పెట్టి చూపించాడు.

పడవ మూతకి ఉన్న మడతబందులు.

నాన్న వెనక్కి వెళ్ళి డబ్బాలు వెతికాడు. ఏ డబ్బాలోనూ లేవు. నాకు తెలుసు, అవి ఆఖరివి. నాన్న తిరిగొచ్చి, కౌంటరు సొరుగులోంచి అత్తయ్య చిన్న స్క్రూడ్రైవరు తీసి, ఏమీ ఆలోచించకుండా పడవ మూత మీద పెట్టాడు. ఒక మర తిప్పాడు కూడా.

"నాన్నా, పడవ పెట్టెకి పడవ బందులే విప్పుతున్నావు" అన్నాను.

వడ్రంగి నా వైపు తిరిగాడు. ఆ షాపులో నా గొంతు వినడం అతనికి అదే మొదటిసారి అయ్యుండాలి. నాన్న చెయ్యి ఆగింది. పడవని చూశాడు, స్క్రూడ్రైవరుని చూశాడు. ముందు నవ్వు వచ్చింది ఆయనకి. "మీ అత్తయినా ఇదే పని చేసేది" అన్నాడు. తర్వాత మేకుల బస్తా మీద కూర్చుని, అన్ని రోజుల తర్వాత, వడ్రంగి ముందరే ఏడ్చాడు. వడ్రంగి టేపు చుట్టుకుని బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

"అత్త ఆదివారం అంది నాన్నా."

"ఏ ఆదివారం? అయిపోయిందిగా."

"ఏదో ఒక ఆదివారం."

రెండో నట్టు నాన్నే బిగించాడు. మేకులంటే విసుగన్న మనిషి, నేను పుస్తకంలో లైను చదివినంత శ్రద్ధగా, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని బిగించాడు. మడతబందు మర కూడా తిరిగి గట్టిగా వేశాడు.

ఆగిరిపల్లి కౌలుదారుకి నేనే ఫోన్ చేశాను. ఏం చెప్పాలో ముందు కాగితం మీద రాసుకున్నాను. ఆయన చివరిదాకా విని, రండమ్మా అన్నాడు, అంతే.

కుంట తోట చివర ఉంది. అడుగున నల్ల షీటు పరిచి ఉంది, వాననీళ్ళు నిండుగా ఉన్నాయి. కోత అయిపోయిన చెట్లు ఊరికే నిలబడి ఉన్నాయి. కౌలుదారు కాయలు కోసే చిక్కం కట్టిన పొడుగాటి గెడ తెచ్చి గట్టు మీద సిద్ధంగా పెట్టుకున్నాడు. మునిగేట్టుంటే దీంతో పట్టేద్దాం అన్నగారూ, కాయని పట్టినట్టే అన్నాడు. నాన్న చెప్పులు విప్పి, అంచున కూర్చుని, రెండు చేతులతో పడవని నీళ్ళ మీద పెట్టాడు. కాసేపు వదల్లేదు. తర్వాత వదిలాడు.

ఎడమవైపుకి కొంచెం ఒరిగింది. అలాగే నిలబడింది.

నేను ముందుకి నొక్కాను. వెళ్ళింది. వెనక సన్నటి గీత తీసుకుంటూ, టబ్బులో లాగా ఆగకుండా వెళ్ళింది. ఎవరో పారేసిన నీళ్ళ సీసా ఒకటి తేలుతుంటే, దాని మీదకి తిప్పాను. పడవ ముక్కు సీసాకి ఆనింది, వాషర్లు నొక్కుకున్నాయి, సీసా కదిలింది. తోసుకుంటూ అవతలి గట్టుకి చేర్చింది. కౌలుదారు ఆ గట్టుకి నడిచి వెళ్ళి సీసా తీసి, చెల్లెమ్మ నా కుంట శుభ్రం చేయించింది అన్నాడు. నాన్న తల ఊపాడు. నీళ్ళు ఎక్కుతున్నాయేమోనని ఆయన కళ్ళు పడవ అంచు మీదే ఉన్నాయి. ఎక్కలేదు.

తిరిగి మధ్యకి వచ్చాక ఆగింది. నొక్కాను, మళ్ళీ నొక్కాను. బ్యాటరీ అయిపోయిందో, అంత దూరం కారు బొమ్మ రిమోటుకి అందలేదో. నాన్న గెడ తీసుకుని వంగి చూశాడు. చాలా పొట్టి అయింది.

"గాలి ఇటే ఉందిలెండి" అన్నాడు కౌలుదారు. "అదే వస్తది."

ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. పడవ కుంట మధ్యలో తనంతట తను నెమ్మదిగా తిరుగుతోంది. ఒకసారి ఇటు కిటికీలు కనిపించాయి, ఒకసారి అటు కిటికీలు.

అత్తయ్య వయసు నలభై ఏళ్ళు.